నువ్వే కొత్తగా వచ్చినావు

నా బీరువాలో ఒక పాత పేపరు కట్టింగ్ ఉంది. 1994 సెప్టెంబరు నాటిది. జిల్లా పేజీలో మూడు కాలాల వార్త, ‘వింత జ్వరాలతో విలవిల’ అని శీర్షిక. దాని కింద కాస్త చిన్న అక్షరాల్లో ‘మునుపెన్నడూ ఎరగని వ్యాధి.. భయం గుప్పిట్లో గిరిజన గ్రామం’. పక్కన నులక మంచం మీద దుప్పటి కప్పుకుని వణుకుతున్న మనిషి ఫొటో.

నేను పాఠాలు చెప్పే జర్నలిజం కోర్సులో కొత్త బ్యాచ్ చేరిన మొదటి రోజు దాన్ని జిరాక్స్ తీసి అందరికీ పంచుతాను. రాసింది ఎవరో చెప్పను. తప్పులు పట్టమంటాను. పిల్లలు చకచకా పట్టేస్తారు. డాక్టరు మాట లేదంటారు, ఎంతమందికి జ్వరమో ఒక చోట ముప్పై అనీ ఇంకో చోట ‘ఊరంతా’ అనీ ఉందంటారు, ‘విలవిల్లాడుతున్నారు’ అనే మాట మూడుసార్లు వచ్చిందంటారు. ఇన్నేళ్లలో ఒకరిద్దరు తప్ప ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: ‘మునుపెన్నడూ ఎరగని’ అని ఈ విలేకరికి ఎవరు చెప్పారు?

ఎవరూ చెప్పలేదు. నాకు నేనే అనుకుని రాసేశాను. ఆ కట్టింగ్ నాదే.

పార్వతీపురం దగ్గర, కొండల మొదట్లో, గెడ్డ (కొండవాగు) పక్కన ఉన్న చిన్న ఊరు అది. నేను అప్పుడు మండల విలేకరిని. లైన్ల లెక్కన డబ్బిచ్చేవాళ్ళు. మలేరియా అని రాస్తే లోపలి పేజీలో నాలుగు లైన్ల బిట్టు పడేది. ‘వింత జ్వరం’ అంటే ఫొటోతో సహా మూడు కాలాలు. ఇది సాకు కాదు, లెక్క. బండి మీద వెళ్ళి గంటసేపు ఊళ్ళో తిరిగాను. సర్పంచితో మాట్లాడాను, ముగ్గురు రోగుల్ని చూశాను, ఊరికి వచ్చిపోయే ఆర్‌ఎంపీని అడిగాను. ఆయన ‘ఏం జ్వరమో అంతుచిక్కట్లేదండి’ అన్నాడు. ఆయనకి అంతుచిక్కకపోతే లోకానికే అంతుచిక్కలేదన్నట్టు రాసి పంపించాను. డెస్కులో ఆ మాటకి ఇంకాస్త రంగు పూశారు.

వార్త పడిన మూడో రోజు వైద్య శిబిరం పెట్టారు. వేలు గుచ్చి, గాజుపలకల మీద రక్తం చుక్కలు తీసి పరీక్షకి పంపారు. అది మలేరియా. ఇందులో అంతుచిక్కనిది ఏమీ లేదు. కానీ ఆలోపే జరగాల్సింది జరిగిపోయింది. రెండు వారాలపాటు సంతలో ఆ ఊరివాళ్ళ చింతపండు, కొండచీపుర్లు ముట్టుకున్నవాళ్ళు లేరు. ఒక పెళ్ళి వాయిదా పడిందని తర్వాత తెలిసింది. నేను మాత్రం ‘మన వార్తకి స్పందన’ రాద్దామని ఛాతీ విరుచుకుని మళ్ళీ వెళ్ళాను.

అరుగు మీద కూర్చున్న ఒక ముసలాయన నన్ను పైనుంచి కిందకి చూసి, ‘ఏటి బాబూ, ఈ జెరం కొత్తదని రాసినావట? మా అయ్యకీ వచ్చినాది, మా తాతకీ వచ్చినాది. నువ్వే కొత్తగా వచ్చినావు’ అన్నాడు.

పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను, వేరే దారి లేక.

శిబిరానికి వచ్చిన సిబ్బందిలో రిటైర్మెంటుకి దగ్గరపడిన హెల్త్ వర్కరు ఒకాయన ఉన్నాడు. ఊళ్ళో అందరూ ‘మలేరియా బాబు’ అనేవాళ్ళు. ఆయన నా చెయ్యి పట్టుకుని పక్క సందులో ఒక పెంకుటింటికి తీసుకెళ్ళాడు. ద్వారబంధం పైకమ్మీ మీద, చెక్క నల్లబడిన చోట, ఎర్రరంగుతో వేసిన అంకెలున్నాయి. ఇంటి నంబరు, కింద తేదీ, దోమల మందు డీడీటీ పేరు మూడు ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక పొట్టి సంతకం. దాని మీద ఇంకో తేదీ, దాని మీద మరొకటి. పాతవి సగం చెరిగిపోయాయి. వేలితో తుడిచి చూపించాడు: 1961. గోడల మీద రాసినవి నిలవలేదట. సంక్రాంతికి ఆడవాళ్ళు గోడలు అలికేసేవాళ్ళు. ‘నేను కొట్టిన మందంతా పేడా మట్టీ కిందకి పోయేది బాబూ. అలకొద్దంటే పండగపూట ఎవరు వింటారు?’ అన్నాడు. అందుకే ఆయన చెక్క మీద రాయడం మొదలుపెట్టాడు.

ఒక దేశం మొత్తం మలేరియాతో చేసిన యుద్ధం ఆ పైకమ్మీ మీద ఉంది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేదనీ, ఎనిమిది లక్షల మంది చనిపోయేవాళ్ళనీ అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం వచ్చింది. 1958లో దాన్నే నిర్మూలన కార్యక్రమంగా మార్చారు. 1965 నాటికి కేసులు సుమారు లక్షకి దిగాయి. ఇక అయిపోయిందనుకుని పట్టు వదిలేశారు. 1976కి మళ్ళీ 64 లక్షలు. నేను ‘మునుపెన్నడూ’ అని రాసిన ఊళ్ళో ఈ ఎక్కుడు, దిగుడు, మళ్ళీ ఎక్కుడు అన్నీ ఒక చెక్క మీదే ఉన్నాయి. చదవడం నాకు రాలేదు, అంతే.

పందొమ్మిదేళ్ళు రిపోర్టింగ్ చేసి, ఆ తర్వాత పాఠాలు చెప్పడానికి వచ్చాను. హెల్త్ రిపోర్టింగ్ ఒక పేపరు, ప్రాంతీయ చరిత్ర ఒక పేపరు. సిలబస్‌లో రెండూ వేర్వేరు. పరీక్షలూ వేర్వేరు రోజుల్లో. నేను మాత్రం రెండూ కలిపే చెబుతాను. తోటి మాస్టార్లకి ఇది చిరాకు. నాకేమో ఈ రెండూ ఒకటే సబ్జెక్టు. ఊరి చరిత్ర తెలియకుండా ఊరి రోగం గురించి రాసేవాడికి ప్రతి రోగమూ వింతే. ఊరి రోగాలు తెలియకుండా చరిత్ర రాసేవాడికి రాజులూ గుళ్ళూ తప్ప మనుషులు కనపడరు. నా క్లాసులో ‘వింత వ్యాధి’, ‘అంతుచిక్కని వ్యాధి’, ‘మాయరోగం’ అనే మాటలు రాస్తే మార్కులు పోతాయి.

డెస్కులో పనిచేసే పాత మిత్రులు దీనికి నవ్వుతారు. ‘నీకేం, క్లాసులో కూర్చుని చెబుతావు. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నరకి ఎడిషన్ వదలాలి. చరిత్ర కావాలంటే ఆదివారం అనుబంధానికి రాయమను’ అంటారు. వాళ్ళ టెన్షన్ నాకు తెలియనిది కాదు. కానీ నేను అడిగేది నాలుగు పేజీల చరిత్ర కాదు, ఒక్క ఫోన్ కాల్. పీహెచ్‌సీలో పాత రిజిస్టర్లు చూసే మనిషికో, రిటైరైన ఏఎన్‌ఎంకో, ఊళ్ళో పెద్దావిడకో ఫోన్ చేసి ‘ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చిందా?’ అని అడగడం. వచ్చిన జవాబు వార్తలో ఒక్క వాక్యమే అవ్వచ్చు. ఆ ఒక్క వాక్యం ఉంటే శీర్షిక మారిపోతుంది.

ఫ్లోరైడ్ సంగతే తీసుకోండి. ఆ పేరు చెప్పగానే మనకి నల్లగొండ గుర్తొస్తుంది, మర్రిగూడ, మునుగోడు గుర్తొస్తాయి. నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో తయారుచేసిన పద్ధతికి పేరే ‘నల్లగొండ టెక్నిక్’. కానీ నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల పళ్ళూ ఎముకలూ చెడే ఈ జబ్బు మీద మన దేశంలో వైద్య పత్రికలో మొదట వచ్చిన వ్యాసం 1937 నాటిది. షార్ట్ అనే వైద్య పరిశోధకుడు, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా ఊళ్ళ గురించి రాశారు. వాళ్ళకంటే ముందే రైతులు పసిగట్టారని చెబుతారు. ఎద్దులు కుంటుతున్నాయి, కీళ్ళు బిగుసుకుపోతున్నాయి, నడవలేక కూలబడుతున్నాయి అని.

ఒక విద్యార్థికి ఫ్లోరైడ్ మీద ప్రాజెక్టు ఇచ్చాను. దర్శి వైపు కుర్రాడు. నెల రోజులు వెతికి వచ్చి ‘సార్, ప్రకాశం జిల్లాలో 1970కి ముందు ఫ్లోరైడ్ గురించి ఏమీ లేదు’ అన్నాడు. 1970కి ముందు ప్రకాశం జిల్లాయే లేదు నాయనా అన్నాను. ఆ ఏడాది ఫిబ్రవరిలో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి ముక్కలు తీసి ఒంగోలు జిల్లా చేశారు. రెండేళ్ళకి ప్రకాశం అని పేరు పెట్టారు. దర్శి, పొదిలి, కనిగిరి అంతకుముందు నెల్లూరు జిల్లాలోవే. నెల్లూరు అని వెతికితే ఆ కుర్రాడి ముత్తాతల నాటి పళ్ళూ ఎముకలూ దొరికాయి. వాళ్ళింట్లో నాయనమ్మకి పళ్ళ మీద గోధుమరంగు గారలుండేవట. చిన్నప్పటినుంచీ తమలపాకుల వల్లే అనుకున్నాడట. ప్రాజెక్టులో అన్నిటికంటే మంచి వాక్యం అదే. దాన్నే కొట్టేసి తెచ్చాడు, పర్సనల్‌గా ఉందని. నేను మళ్ళీ పెట్టించాను.

జిల్లా పేర్ల గొడవ తేలికగా తీసిపారేసేది కాదు. 2016 అక్టోబరులో తెలంగాణలో కొత్త జిల్లాలు వచ్చాయి. నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. జిల్లా చిన్నదైతే జిల్లా అంకెలూ చిన్నవవుతాయి. మా క్లాసులో ఒకమ్మాయి డెంగీ కేసులు సగానికి తగ్గాయని చాలా సంబరంగా వార్త రాసి తెచ్చింది. తగ్గింది జిల్లా, దోమలు కాదు. అప్పుడు నవ్వాం గానీ, అచ్చులో ఇలాంటివి నేను చూడకపోలేదు. నాతో ‘నువ్వే కొత్తగా వచ్చినావు’ అన్న ముసలాయన ఊరు 1950 దాకా విశాఖపట్నం జిల్లా, తర్వాత శ్రీకాకుళం, 1979 నుంచి విజయనగరం, ఇప్పుడు పార్వతీపురం మన్యం. గెడ్డ ఎక్కడికీ పోలేదు. జ్వరమూ పోలేదు. ఫైలు మాత్రం నాలుగు కలెక్టరాఫీసులు తిరిగింది. 1907లో ఫ్రాన్సిస్ అనే తెల్లదొర రాసిన విశాఖపట్నం గెజిటీరులో, అంటే జిల్లా వివరాల పుస్తకంలో, ఏజెన్సీ జ్వరం సంగతి ఉంది. పార్వతీపురం విలేకరికి విశాఖపట్నం గెజిటీరుతో పనేమిటి అనుకున్న నాలాంటివాడికి అది ఎప్పటికీ దొరకదు.

ఇంత చెబుతున్నానని, పెద్దవాళ్ళు చెప్పిందల్లా చరిత్ర అని నేను అనను. జ్ఞాపకాన్ని గుడ్డిగా నమ్మడం కూడా బద్ధకమే. ఒకసారి అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థి కరువు మీద రాశాడు. వాళ్ళ ఊళ్ళో తొంభై దాటిన అవ్వ ‘ధాత కరువులో జనం గడ్డలు తవ్వుకుని తిన్నారంట’ అని చెప్పింది. వీడు పంచాంగం చూసి, ధాత నామ సంవత్సరం 1936 అని తేల్చి, అవ్వ కళ్ళారా చూసిన కరువుగా రాసేశాడు. మన సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయి. 1876లో ధాత ఉంది, 1936లో ఉంది, 1996లోనూ ఉంది. రాయలసీమ జనం నోట ధాత కరువంటే 1876–78 నాటి మహా కరువు. అవ్వ చెప్పింది వాళ్ళ అవ్వ చెప్పిన మాట. ‘తిన్నారంట’లోని ఆ చివరి ‘అంట’ని వీడు వదిలేశాడు. తెలుగులో విలేకరికి అంతకంటే విలువైన మాట ఇంకొకటి లేదు. కళ్ళతో చూసిందేది, చెవితో విన్నదేది అన్నది మన వ్యాకరణమే చెబుతుంటే, దాన్ని కోసేసి కోట్ పెట్టుకుంటాం. గుంటూరు వైపు నందన కరువు అంటే 1832–33. 2012–13 కూడా నందనే. రేపెవరో దాన్నీ ఇలాగే తిప్పేస్తారు.

రోగాల పేర్లదీ అదే తంతు. ‘అమ్మవారు పోసింది’ అంటే మశూచి కావచ్చు, ఆటలమ్మ కావచ్చు. మన దేశంలో ఆఖరి మశూచి కేసు 1975లో. ఆ తర్వాతి ఏడాది గురించి ఎవరైనా అమ్మవారు అంటే అది మశూచి కాదని విలేకరికి తట్టాలి. తెలంగాణ పల్లెల్లో ‘గత్తర’ అంటే కలరా. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల వెనక చెప్పుకునే కథ కూడా 1813 నాటి గత్తరదే. ప్రతి ఆషాఢంలో ఆ బోనాల మీద పేజీలకి పేజీలు వేస్తాం. ఏ బస్తీలో మురికినీరు మంచినీళ్ళ పైపులో కలుస్తోందో అదే వారం, అదే పేజీలో వేయొచ్చని తోచదు. పండగ రిపోర్టరు వేరు, మున్సిపల్ రిపోర్టరు వేరు మరి.

మృగశిర కార్తె వచ్చిందంటే చేప మందు వార్తలు మొదలు. బత్తిని కుటుంబం 1845 నుంచీ ఇస్తున్నామని చెప్పే ఆ ఉబ్బసం మందుని ఇప్పుడు ‘చేప ప్రసాదం’ అంటున్నారు. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో క్యూలు, కౌంటర్లు, మత్స్యశాఖ తెచ్చిన కొరమీను పిల్లలు, శాకాహారులకి బెల్లంతో. నేనూ ఒక ఏడాది కవర్ చేశాను. ఏటా అదే వార్త, అంకెలు మార్చి. మందు పనిచేస్తుందా లేదా అన్న తగువు పక్కన పెడదాం. పనిచేస్తుందనడానికి వైద్య పరీక్షల్లో తేలిన రుజువు లేదు, నమ్మేవాళ్ళకి అది అడ్డూ కాదు. నా బాధ వేరు. చేప మింగినవాళ్ళని ఆరు నెలల తర్వాత, చలికాలంలో, ఉబ్బసం నిజంగా తిరగబెట్టే రోజుల్లో వెళ్ళి కలిసిన విలేకరి నాకు తెలిసి లేడు. నేనూ కలవలేదు. నోట్‌బుక్కులో పదకొండు మంది ఊళ్ళూ పేర్లూ రాసుకుని కూడా. మూడు నెలలు ఇన్‌హేలరు మానేసి మళ్ళీ ఆస్పత్రిలో చేరినవాళ్ళు అందులో ఉన్నారో లేదో చెప్పలేను. ఇదే నాకు దొరకాల్సిన అసలు వార్త.

ఇక నిజంగానే కారణం తేలని రోగాలు. నా వాదనకి గట్టి దెబ్బ ఇక్కడే తగులుతుందని క్లాసులో తెలివైన పిల్లలు ప్రతి ఏడాదీ పట్టుకుంటారు. 2020 డిసెంబరు 5న ఏలూరులో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛపోయారు. నోట్లో నురగ, కాసేపు స్పృహ లేకపోవడం, కొద్ది గంటల్లో మళ్ళీ మామూలు. వారం తిరిగేలోపు ఆరు వందల మందికి పైగా ఆస్పత్రికి వచ్చారు. టీవీలన్నీ ‘వింత వ్యాధి’తో హోరెత్తిపోయాయి. కరోనా వల్ల క్లాసులు అప్పుడు ఆన్‌లైన్‌లో. నేను విద్యార్థులకి ఒక పని పెట్టాను: వింత అనే మాట లేకుండా, ఏ రోజుకి ఏం తెలుసో, ఏది కాదని తేలిందో రోజుకి పది లైన్లు రాయండి.

మొదటి రోజు అందరికీ కష్టమైంది. రెండో రోజుకి దారి దొరికింది. కరోనా కాదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటున్న ఆనవాళ్ళు లేవు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు. తర్వాత పురుగుమందుల అవశేషాల వైపు అనుమానం మళ్ళింది. ఎవరు ఏ నమూనా తీశారు, ఏ రోజు తీశారు అన్నది ఒకమ్మాయి పట్టిక వేసింది. ఇంకో కుర్రాడు ఆ వీధులకి మంచినీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయో కనుక్కున్నాడు. ఏలూరు రెండు కాలువల ఊరు. ఇటు నుంచి కృష్ణా కాలువ, అటు నుంచి గోదావరి కాలువ వచ్చి అక్కడ కలుస్తాయి. పొలాల్లో కొట్టిన మందు కాలువల ఊళ్ళో ఎక్కడెక్కడ తేలగలదన్నది ఊరి భూగోళం తెలిస్తేనే అడగగలిగే ప్రశ్న. వాళ్ళు జవాబు కనిపెట్టలేదు. శాస్త్రవేత్తలకే తల తిరిగిన చోట మా పిల్లలు కనిపెడతారా? కానీ ఆ వారం వాళ్ళు రాసిన పది లైన్లు చదివిన మనిషి భయపడడు, జాగ్రత్తపడతాడు. కూరగాయలు కడుక్కుంటాడు, నీళ్ళ గురించి మున్సిపాలిటీని నిలదీస్తాడు. ‘వింత’ అన్న మాట చదివినవాడు తాయెత్తు కట్టించుకుంటాడు.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ఇంకా పెద్ద పాఠం. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో పచ్చగా ఉండే నేల. ఉద్యానం అనే మాటే ఉద్దానం అయిందంటారు. అక్కడి కిడ్నీ జబ్బుకి షుగరూ బీపీ లాంటి మామూలు కారణాలు సరిపోవట్లేదు. నీళ్ళలో సిలికా అన్నారు, భారలోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్ళు ఎండిపోయేలా పనిచేయడమన్నారు, వంశపారంపర్యమన్నారు. ఏ ఒక్కటీ గట్టిగా రుజువు కాలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది. ఇదంతా రాస్తే ‘కారణం ఇంకా తేలలేదు’ అన్న వాక్యానికి బరువుంటుంది. ఎంతమంది ఎన్ని చోట్ల వెతికారో, ఎక్కడ ఆగారో తెలుస్తుంది. ‘అంతుచిక్కని’ అని ఒక్క విశేషణం తగిలిస్తే, వెతికేవాళ్ళని ఇక అడగాల్సిన పని లేదన్నట్టు తలుపు మూసేసినట్టే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ కొబ్బరి చెట్లని నేలకూల్చింది. డయాలసిస్‌కి బస్సు చార్జీలు పెట్టుకునే ఇంట్లో కొబ్బరికాయల రాబడి పోతే ఏమవుతుంది? తుపాను వార్త ఒక ఫోల్డరులో, కిడ్నీ వార్త ఇంకో ఫోల్డరులో దాచే పత్రికకి ఈ ప్రశ్న పుట్టదు.

రోగి సంగతి కూడా చెప్పాలి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆయన పేరుతో భవనం ఉంది, రోడ్డుంది. ఆ దోమలకి తన రక్తం పట్టిన రోగి హుసేన్ ఖాన్. కుట్టిన ఒక్కో దోమకి అణా చొప్పున ఇచ్చారు. ఆ తర్వాత ఆయన బతికాడా, ఆ అణాలతో ఏం కొనుక్కున్నాడు, ఎక్కడి నుంచి వచ్చాడు? రాసుకున్నవాడు రాస్ కాబట్టి మనకి మిగిలింది ఒక పేరు, ఒక లెక్క. నేను హైదరాబాద్ పిల్లలకి రాస్ గురించి రాయమన్నప్పుడల్లా హుసేన్ ఖాన్‌తో మొదలుపెట్టమంటాను.

అప్పుడు రోగి కనిపించలేదు, ఇప్పుడు మరీ ఎక్కువగా కనిపిస్తున్నాడు. ఫ్లోరైడ్‌తో వంకర్లు తిరిగిన కాళ్ళని ఎన్ని కెమెరాలు తీశాయో లెక్కలేదు. ఎన్నికలు రాగానే అదే మంచం, అదే మనిషి, అదే యాంగిల్. ఆయన్ని ‘ఈ ఫొటో వేయమంటారా?’ అని ఎంతమంది అడిగారు? మానసిక చికిత్స పొందుతున్నవాళ్ళ ఫొటో వాళ్ళ అనుమతి లేకుండా వేయకూడదని 2017 నాటి చట్టమే చెబుతోంది. మిగతా రోగులకి ఆ మర్యాద ఇవ్వడానికి చట్టం దాకా ఎందుకు? నా కట్టింగ్‌లో దుప్పటి కప్పుకున్న మనిషిని నేను అడగలేదు. దుప్పటి సరిచేసి మరీ తీయించాను.

మొన్న జనవరిలో ఒక విద్యార్థినిని ఇంటర్న్‌షిప్ కోసం పార్వతీపురం వైపు పంపించాను. ఆ ఊరి పేరు నేను చెప్పలేదు గానీ, కట్టింగ్‌లో ఉంది కదా, తనే పట్టుకుని వెళ్ళింది. ముసలాయన ఎప్పుడో పోయాడట. పెంకుటిల్లు కూడా లేదు, స్లాబ్ వేశారు. సాయంత్రం వాట్సాప్‌లో ఫొటో పంపింది. పాత ద్వారబంధాన్ని పశువుల పాకకి వాడుకున్నారు. ఆవు తల పైన, నల్లబడిన చెక్క మీద, ఎర్ర అంకెలు. 1961 ఇప్పుడు కనపడట్లేదు. 1968 ఉంది, కింద పొట్టి సంతకం ఉంది.

‘సార్, ఈ సంతకం ఎవరిది?’ అని అడిగింది.

మలేరియా బాబు పేరు నేను ఆ రోజు రాసుకోలేదు. ఊళ్ళో ఎవరినైనా అడిగి చూడమన్నాను. ఇంటివాళ్ళ కోడలు, వాళ్ళ అత్తకి తెలుసేమో, సంతకి వెళ్ళింది, వచ్చేదాకా కూర్చోమందట. ఆఖరి బస్సు ఐదుకి. కూర్చుంటానంది.